ఓడ దాటాక ఒడ్డు మీద పడే అల

నదిలోనో కాలువలోనో ఒక లాంచీ దాటిపోయిన కాసేపటికి నీళ్లు లేచి వచ్చి గట్టుకు కొట్టుకుంటాయి. నాలుగైదు దెబ్బలు గట్టిగా, ఆ తర్వాత మెల్లగా, చివరికి ఏమీ జరగనట్టు సద్దుమణుగుతాయి. రేవులో బట్టలు ఉతికేవాళ్లు ఒక మెట్టు పైకెక్కుతారు, కట్టేసిన నాటు పడవ రెండు ఊపులు ఊగుతుంది, అంతే. ఇంత చిన్న సంగతికి ఒక ప్రసంగం ఎందుకని మీకు అనిపిస్తే తప్పు లేదు. కానీ ఆ నాలుగైదు దెబ్బలు రోజూ, ఏళ్ల తరబడి, గట్టు మీద దాదాపు ఒకే మట్టాన పడితే ఏమవుతుందో చాలా దేశాల్లో కొలిచి చూశారు. ఆ కొలతలను దగ్గర పెట్టుకుని ఈ పూట నేను వాదించబోయేది ఒకే విషయం. ఒడ్డును కోసే శక్తుల్లో వరదకు యజమాని లేడు, గాలికి లేడు, ఆటుపోట్లకు లేడు. ఓడ లేపే అలకు మాత్రం ఉన్నాడు. ఆ అల ఏ పడవది, ఏ వేగంలో లేచింది, ఎన్ని గంటలకు లేచిందన్నది తెలుసుకోవచ్చు, కావాలంటే తగ్గించనూ వచ్చు. అలాంటప్పుడు ఆ కోతను ఒడ్డున ఉన్న రైతు నెత్తిన, లేదా కాలువ మరమ్మతు పద్దులో వేసి ఊరుకోవడం సరికాదు. పడవ నడిపేవారి లెక్కలోనే అది ముందుగా పడాలి.

ముందు అల సంగతి. మన పాఠ్యపుస్తకాల్లో లార్డ్ కెల్విన్‌గా కనిపించే విలియం థామ్సన్ 1887లో ఓడ అలల మీద ఒక ఉపన్యాసం ఇచ్చాడు. లోతైన నీటిలో కదిలే వస్తువు ఏదైనా సరే, దాని వెనక అలలు విచ్చుకునే కోణం రెండు వైపులా సుమారు పంతొమ్మిదిన్నర డిగ్రీలేనని ఆయన గణితం చెప్పింది. చెరువులో ఈదే బాతుకూ వేల టన్నుల ఓడకూ అదే కోణం. వేగం పెరిగితే మారేది అల పొడవూ ఎత్తూ. గంటకు 10 కిలోమీటర్ల వేగంతో వెళ్లే పడవ వెనక వచ్చే అడ్డ అలల మధ్య దూరం 5 మీటర్లు ఉంటుంది. వేగం 20కి పెంచితే ఆ దూరం రెట్టింపు కాదు, నాలుగింతలై 20 మీటర్లకు చేరుతుంది. పొడవైన అల ఒడ్డు దగ్గర అడుగును తాకి లేస్తుంది, లోపలి దాకా కదిలిస్తుంది. ఎత్తుకు ఇంకో లెక్క ఉంది. అలలో దాగిన శక్తి దాని ఎత్తు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, 10 సెంటీమీటర్ల అల కన్నా 30 సెంటీమీటర్ల అల గట్టును కొట్టే బలం తొమ్మిదింతలు. పడవ నడి ఏట్లో పోతోంది కదా, ఒడ్డుకు చేరేసరికి అల చచ్చిపోతుందిలే అనుకుంటాం. పక్కలకు విచ్చుకునే అలలు అంత తొందరగా చావవు. పడవ నుంచి 10 మీటర్ల దూరంలో ఉన్న ఎత్తు సగానికి తగ్గాలంటే 80 మీటర్ల దూరం కావాలి. మన కాలువల్లో అంత వెడల్పు ఎక్కడుంది?

ఇదంతా లోతైన నీటి మాట. కాలువల్లో, ఎండాకాలపు నదుల్లో నీరు లోతుగా ఉండదు. అక్కడ ఇంకో చిక్కు వస్తుంది. నీటి లోతును బట్టి అల పరుగెత్తగల వేగానికి ఒక హద్దు ఉంటుంది. రెండు మీటర్ల లోతులో అది గంటకు సుమారు 16 కిలోమీటర్లు, మూడు మీటర్ల లోతులో 19, 20. పడవ ఆ హద్దుకు దగ్గరయ్యేకొద్దీ అది లేపిన అలలు దాన్ని వదిలి ముందుకు పోలేక కుప్పపడతాయి, ఎత్తు ఒక్కసారిగా పెరుగుతుంది. 1834లో స్కాట్లండ్‌లోని ఎడింబరో దగ్గర యూనియన్ కాలువలో గుర్రాలు లాగుతున్న పడవ చటుక్కున ఆగితే, దాని ముందు పోగుపడిన నీరు ఒంటి అలగా విడిపోయి ముందుకు సాగింది. జాన్ స్కాట్ రస్సెల్ అనే ఇంజనీరు దాన్ని గుర్రం మీద మైలుకు పైగా వెంబడించాడు. సాలిటన్ అని ఇవాళ భౌతికశాస్త్రం పిలిచే అలకు అదే తొలి దర్శనం. ఆయనే రాసిపెట్టిన మరో సంగతి మనకు ఎక్కువ పనికొస్తుంది. గ్లాస్గో వైపు కాలువలో ఒక పడవ గుర్రం బెదిరి ఉన్నపళంగా పరుగు తీసింది. పడవ ఆ వేగాన్ని అందుకోగానే, అంతదాకా గట్లను పాడు చేస్తున్న వెనక పొంగు మాయమైంది. హద్దు దాటితే అల తగ్గుతుందన్నమాట. మరి అందరం వేగంగానే పోదాం అని దీని నుంచి ఒక కొంటె వాదం తీయవచ్చు. అయితే ప్రతి పడవా ఆ వేగం అందుకునేటప్పుడు ఒకసారి, తగ్గేటప్పుడు ఒకసారి ఆ హద్దును దాటాల్సిందే. రేవు రేవుకూ ఆగే లాంచీకి అది రేవుకు రెండుసార్లు. పైగా బరువుతో నిండిన బార్జీకి ఆ హద్దు దాటే యోగం ఎప్పటికీ ఉండదు. నాకు ఈ కథలో నచ్చేది వేరే. ఆవిరి పడవలు ఇంకా కాలువలను ఆక్రమించని ఆ రోజుల్లోనే కాలువ యజమానుల దిగులంతా గట్ల గురించి.

పెద్ద ఓడ, ఇరుకు కాలువ కలిస్తే జరిగేది మరో రకం. నీటిని తోసుకుంటూ ఓడ ముందుకు పోతుంటే, ఆ నీరు రెండు పక్కల నుంచి వెనక్కి పరుగెత్తాలి. సందు ఎంత తక్కువైతే పరుగు అంత ఎక్కువ, దానితో పాటే నీటి మట్టం కిందికి దిగుతుంది. ఒడ్డున నిలబడి చూసేవాడికి ముందు వచ్చేది అల కాదు. నీరు వెనక్కి పోతుంది. రేవు అడుగు మెట్లు బయటపడతాయి, బురద తేలుతుంది, చిన్న చేపలు ఆ బురదలో గిలగిల్లాడతాయి. ఓడ దాటగానే పోయిన నీరంతా ఒక్క ఊపున తిరిగి వచ్చి ఒడ్డు మీదికి ఎగదన్నుతుంది. అమెరికాలోని కొలంబియా నది దిగువ భాగంలో పెద్ద ఓడల అలలు సాల్మన్ పిల్లలను ఇసుక ఒడ్డున పడేసి పోవడం అక్కడి పరిశోధకులకు దశాబ్దాలుగా తెలిసిన తలనొప్పి. ఇటలీలోని వెనిస్ కయ్యలో మార్ఘెరా రేవుకు ఓడలు పోవడానికి 1960లలో ఒక లోతైన కాలువ తవ్వారు. దాని పక్కనే లోతు తక్కువ బురద మేటలు, పూడ్చి చేసిన నేల ఉన్నాయి. ఆ నేల అంచు 1974 నుంచి 2015 దాకా ఏడాదికి సగటున 3 నుంచి 4 మీటర్లు వెనక్కి జరిగిందని ఉపగ్రహ చిత్రాలు, పాత పటాలు కలిపి తేల్చారు. నలభై ఏళ్లకు అది నూట ఇరవై మీటర్ల పైమాటే. అక్కడ నడిచే సరుకు ఓడలు పరుగు పందెం పెట్టుకునేవేమీ కావు. వాటి పరిమాణం, పక్కన ఉన్న లోతులేని నీరు చాలు. అంచేత ఒక్క వేగాన్నే దోషిగా నిలబెట్టి ఊరుకోకూడదు. చిన్న లాంచీ విషయంలో వేగం చూడాలి. పెద్ద ఓడ విషయంలో, కాలువ అడ్డుకోతలో అది ఎంత భాగాన్ని మింగుతోందో కూడా చూడాలి.

గట్టు ఎలా తెగుతుందో కాస్త దగ్గరగా చూద్దాం, ఎందుకంటే వాదం చాలావరకు ఇక్కడే తేలిపోతుంది. మన డెల్టా గట్టును నిలువునా కోసి చూస్తే పైన బంకమన్ను, మధ్యలో సన్నని ఇసుక పొర, కింద మళ్లీ ఒండ్రు కనిపించడం మామూలు. బంకమన్ను మొండిది, అల కొట్టినా వెంటనే లొంగదు. ఇసుక పొర అలా కాదు. నీటి మట్టం ఆ పొర దగ్గరుంటే ఒక్కో అల గుప్పెడు ఇసుకను లాక్కుపోతుంది. కొన్నాళ్లకు గట్టు కింద గూడు పడుతుంది, పైన బంకమన్ను చూరులా ముందుకు వేలాడుతుంది. ఆ పైన గడ్డి పచ్చగానే ఉంటుంది, చూసేవాడికి గట్టు దిట్టంగానే కనిపిస్తుంది. ఒకరోజు పగులు విచ్చి పెళ్ల మొత్తం నీటిలో పడుతుంది. అలాంటి పెళ్లలు నిజానికి గట్టు కాలికి కాపలా. వాటిని అక్కడే ఉండనిస్తే వెనక ఉన్న మట్టికి కొన్నాళ్లు రక్షణ. కానీ వచ్చే పోయే అలలు ఆ బెడ్డలను కరిగించి, సన్న మన్నును నీటిలో కలిపి తీసుకుపోతాయి. గూడు మళ్లీ మొదలు. ఇంకోటి, గట్టు నీళ్లు పీల్చుకుని ఉంటుంది. పెద్ద బార్జీ దాటి బయటి మట్టం హఠాత్తుగా దిగినప్పుడు లోపలి నీరు అంత త్వరగా బయటికి రాలేదు, రాబోతూ మట్టి రేణువులను తోసుకొస్తుంది. ఒక్క దాటింపుకు అది లెక్కలోకి రాదు. వేల దాటింపులకు వస్తుంది.

ఇక సాక్ష్యం. ఆస్ట్రేలియాలోని టాస్మేనియా దీవిలో గోర్డన్ అనే నది ఉంది. దాని మీదే కట్టబోయిన ఆనకట్టను 1983లో అక్కడి హైకోర్టు తీర్పు ఆపేసింది. అంతకు ముందు ఏడాదే ఆ అడవికి ప్రపంచ వారసత్వ హోదా దక్కింది. ఈ గొడవతో నది పేరు దేశమంతా మోగి, చూడటానికి జనం ఎగబడ్డారు, వాళ్లను మోసుకుంటూ పెద్ద విహార నౌకలు వేగంగా తిరగసాగాయి. నదిని ఆనకట్ట నుంచి కాపాడుకున్నారు గానీ, చూడవచ్చిన వాళ్ల పడవలే దాని గట్లను తినడం మొదలుపెట్టాయి. శాస్త్రజ్ఞులు అక్కడ ఊహలతో సరిపెట్టుకోలేదు. ఒక పడవను రకరకాల వేగాల్లో నడిపించి, ఒడ్డున అల ఎత్తును, రాలిన మట్టిని పక్కపక్కన కొలిచారు. అల ఎత్తు 30, 35 సెంటీమీటర్లు దాటేసరికి జిగురు తక్కువైన ఒండ్రు గట్లు బాగా తెగుతున్నాయని తేలింది. అంటే ప్రతి అలా ప్రమాదకరం కాదు, ఒక గడప ఉంది, దాన్ని దాటితేనే నష్టం పెద్దది. తర్వాత నౌకల వేగానికి 9 నాట్ల హద్దు పెట్టారు, మన లెక్కలో గంటకు దాదాపు 17 కిలోమీటర్లు. దిగువ గట్లు ఏడాదికి సగటున 210 మిల్లీమీటర్లు తెగుతున్నవి 19 మిల్లీమీటర్లకు తగ్గాయి. పదో వంతు కన్నా తక్కువ. నదికి ఎగువన ఒండ్రు గట్లున్న చోట ఇంకో పోలిక దొరికింది. నౌకలు తిరుగుతున్న మేర ఏడాదికి 11 మిల్లీమీటర్ల కోత, తిరగడం మానేసిన మేర అలాంటి గట్టుకే 3 మిల్లీమీటర్లు. అదే నది, అదే వాన, దాదాపు అదే మట్టి. మారింది పడవల రాకపోకలు.

ఇక్కడ మన వైపు నుంచి బలమైన ఆక్షేపణ ఒకటి వస్తుంది, రావాలి కూడా. గోదావరి ఒడ్డున పుట్టినవాడికి మిల్లీమీటర్ల లెక్క చెబితే నవ్వుతాడు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల నీరు దిగింది. అలాంటి వరద ఒక్క రాత్రిలో ఎకరాలు తీసుకుపోతుంది. కోనసీమ లంకల్లో కొబ్బరి చెట్లు వేళ్లతో సహా ఏట్లో పడటానికి లాంచీలు కారణమని ఎవరైనా అంటే నేనూ ఒప్పుకోను. అక్కడ ప్రధాన దోషి వరద ప్రవాహం, పాయ దిశ మార్చుకోవడం, దానికి తోడు ఇసుక తవ్వకం. అయితే వరద పెద్దదన్న నిజం నుంచి అల చిన్నదన్న నిర్ణయానికి గెంతడం తొందరపాటు. ఎందుకంటే రెండూ గట్టును పట్టుకునే చోటు వేరు, కాలం వేరు. వరద ఏడాదిలో కొన్ని రోజులు, గట్టు పైభాగం దాకా వస్తుంది. పడవ అల మిగిలిన నెలల్లో, నీటి మట్టం నిలకడగా ఉన్నప్పుడు, ఒకే గాటులో పడే గొడ్డలి దెబ్బలా గట్టు కాలి దగ్గరే పడుతుంది. అక్కడ గడ్డి, తుంగ వేళ్లూనకుండా చేస్తుంది. కాలు బోసిపోయిన గట్టు మీదికి వచ్చే వరదకు పని సగం ముందే పూర్తయి ఉంటుంది. అసలు వరదే రాని నీళ్ల మాట ఏమిటి? లాకుల మధ్య కట్టడిలో ఉండే కాలువలో, బ్యారేజీ వెనక నిలిచిన నీటిలో, సముద్ర మట్టానికి దిగువన వరి పండించే కేరళ కుట్టనాడులో ప్రవాహం బలం ఎంత? అక్కడ గట్టును రోజూ తాకే శక్తుల్లో పడవ అలది ముందు వరుస. కుట్టనాడులో బయటి గట్టు తెగితే పొలం మొత్తం మునుగుతుంది. అంచేత అక్కడి రైతుకు మర పడవల, హౌస్‌బోట్ల అల చిన్న సంగతి కాదు.

గాలి సంగతీ ఇలాంటిదే. గాలికి కూడా అలలు లేస్తాయి కదా అంటారు. లేస్తాయి. ఎంత లేస్తాయన్నది గాలికి నీటి మీద ఎంత దూరం పరుగు దొరుకుతుందన్న దాని మీద ఉంటుంది. రాజమహేంద్రవరం దగ్గర నది కిలోమీటర్ల వెడల్పున పరుచుకుని ఉంటుంది, అక్కడ గాలి అలల ముందు లాంచీ అల వాటా తక్కువే కావచ్చు. పాపికొండల మధ్య నది ఇరుకే గానీ చాలాచోట్ల ఒడ్డు రాయి, అది విహార లాంచీలను లక్ష్యపెట్టదు. నలభై, యాభై మీటర్ల కాలువలో మాత్రం గాలి లేపేది చిరు అలే, ఒకటి రెండు సెకన్లకోసారి వచ్చి పడే అల. దానికి అలవాటు పడ్డ గట్టును మూడున్నర సెకన్లకోసారి వచ్చే అల, అంటే గంటకు 20 కిలోమీటర్ల పడవ వెనక వచ్చే అల, ఇంకో తీరుగా పట్టుకుంటుంది. నేను చెప్పేది అన్ని నీళ్లకూ ఒకే సూత్రం కాదు. ఇరుకు, లోతు తక్కువ, మెత్తటి గట్టు, మంద ప్రవాహం, ఈ నాలుగూ కలిసిన చోటు పటంలో వెతికి పట్టుకోవచ్చు. మిగతా చోట్ల పడవవాళ్లను వేధించడానికి కారణం లేదు.

సరే, గట్టుకు రాయి పేరిస్తే పోలేదా? ఇంజనీర్లకు మొదట తోచే మందు ఇదే, కాంట్రాక్టర్లకు మొదట నచ్చేదీ ఇదే. రివిట్‌మెంట్ కావలసిన చోటు ఉంటుంది. ఊరి రేవు, వంతెన మొదలు, లాకుల పక్క గోడ, వీటి దగ్గర రాయి లేకుండా కుదరదు. కానీ కాలువ పొడవునా రాయి పరిస్తే అల చావదు, ఎదురు గట్టుకు తిరిగి పోతుంది. అటు కూడా రాయే ఉంటే రెండింటి మధ్యా కొట్టుకుంటూ నీరు కుదుటపడదు, చిన్న నాటు పడవలకు అది ప్రాణసంకటం. రాతి కట్టడం ఎక్కడ ఆగిపోతుందో సరిగ్గా అక్కడ, పక్క రైతు పొలం దగ్గర, కోత ఎక్కువవుతుంది. నీటి అంచున పెరిగే జమ్ము, తుంగ, సముద్రానికి దగ్గరైతే మడ చెట్లు, ఇవన్నీ అల బలాన్ని పీల్చుకునే ఉచిత కట్టడాలు. చేపపిల్లలు దాక్కునే చోటూ అదే. రాయి పేర్చడానికి ముందు వాటిని తీసేస్తాం. ఈ ఖర్చంతా ఎవరు భరిస్తున్నారన్నది నా మొదటి ప్రశ్న. పడవ సంస్థ టికెట్ ధరలో రాయి ఖరీదు లేదు. అది ప్రజల పన్నులో ఉంది, లేదా రైతు పోగొట్టుకున్న నేలలో ఉంది.

వేగం తగ్గిస్తే జలరవాణా గిట్టుబాటు కాదన్నది వ్యాపారుల మాట. లారీలు తగ్గాలని, సరుకు నీటి మీదికి మళ్లాలని కోరుకునేవాడిగా నాకూ ఈ మాట బరువైనదే. టన్ను సరుకుకు నీటి మీద ఇంధనం తక్కువ పడుతుంది, దానిలో సందేహం లేదు. అయితే లెక్క వేసి చూద్దాం. మెత్తటి గట్లున్న 10 కిలోమీటర్ల మేర వేగం 20 నుంచి 12కు తగ్గిస్తే పెరిగే సమయం 20 నిమిషాలు. సిమెంటుకో బియ్యానికో 20 నిమిషాలు ఏమంత ఆలస్యం? మరోవైపు, పడవకు కావలసిన ఇంజను బలం వేగం ఘనాన్ని అనుసరించి పెరుగుతుంది. వేగాన్ని అయిదో వంతు తగ్గిస్తే బలం దాదాపు సగానికి తగ్గుతుంది. లోతు తక్కువైన నీటిలో, ఇందాక చెప్పిన హద్దు దగ్గర, ఇంకా ఎక్కువే మిగులుతుంది, ఎందుకంటే గట్టును కోస్తున్న ఆ అలను లేపడానికి ఖర్చవుతున్నదీ ఆ డీజిలే. జర్మనీలోని కీల్ కాలువలో సముద్రపు ఓడలే నడుస్తాయి. అక్కడ వేగానికి హద్దు గంటకు 15 కిలోమీటర్లు, మరీ పెద్ద ఓడలకు 12. ఆ కాలువ మూతపడలేదు సరికదా, ప్రపంచంలో ఎక్కువ ఓడలు తిరిగే కాలువల్లో అది ఒకటి.

వేగపు హద్దు బోర్డు ఒకటి పాతితే పని అయిపోతుందా అంటే, అవదు. అన్ని పడవలకూ ఒకే హద్దు పెట్టడం మోటు పద్ధతి. సన్నగా, తేలిగ్గా ఉన్న పడవ 18 వేగంలో లేపే అల కన్నా, బరువుతో దిగబడిన మొద్దు పడవ 12లో లేపేది పెద్దది కావచ్చు. డెన్మార్క్‌లో 1990లలో వేగ ఫెర్రీలు వచ్చినప్పుడు తీరాన పెద్ద గోల లేచింది. 1997లో అక్కడ తెచ్చిన నియమం నాకు తెలివైనదిగా తోస్తుంది. వాళ్లు హద్దు పెట్టింది ఒడ్డు దగ్గరి అలకు. మూడు మీటర్ల లోతున్న చోట, 9 సెకన్ల అలైతే 35 సెంటీమీటర్లు మించకూడదు. మించదని ముందుగా చూపించాల్సిన భారం ఫెర్రీ సంస్థదే. ఒడ్డువాడు కోర్టుకెక్కి తన నేల ఎందుకు పోయిందో నిరూపించుకోనక్కర్లేదు. ఇలాంటి నియమం ఉంటే పడవలు కట్టేవారి బుర్ర కూడా ఆ దిక్కున పనిచేస్తుంది. అమెరికాలో సియాటిల్ నుంచి బ్రెమర్టన్‌కు 1998లో మొదలైన వేగ ఫెర్రీ మీద దారిలోని ఇరుకు జలసంధి ఒడ్డువాళ్లు దావా వేశారు, వేగం తగ్గించాల్సి వచ్చింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి పరిశోధన చేసి, నీటి మీద తేలికగా లేచి పోయేలా రెండు పొట్టల పడవ ఒకటి కట్టారు. 2017లో ఆ దారిలోనే వేగ ఫెర్రీ మళ్లీ మొదలైంది. అభ్యంతరం పెట్టినవాళ్ల వల్ల రవాణా ఆగిపోలేదు, పడవ బాగుపడింది.

ఈ చర్చ మనకు ఇప్పుడెందుకంటే, మన కాలువలు పుట్టింది వేరే కాలంలో. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక తవ్వించిన డెల్టా కాలువలు సాగుకూ పడవలకూ కూడా. గట్టు మీద మనుషులు తాడు పట్టి లాగితే పడవ నడిచేది. మనిషి నడక వేగంలో పోయే పడవ వెనక అల పొడవు మీటరు కూడా ఉండదు. ఆ మట్టి గట్లు ఆ నడకకు సరిపోయేలా కట్టినవి. పెదగంజాం నుంచి తమిళనాడులోని మరక్కాణం దాకా 420 కిలోమీటర్ల బకింగ్‌హాం కాలువ కథా అంతే. కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఈ కాలువలను, గోదావరి, కృష్ణల్లో కొంత మేరను కలిపి 2008లో నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు, 2016 చట్టంతో దాని పొడవు ఇంకా పెరిగింది. కృష్ణలో ముక్త్యాల నుంచి విజయవాడ దాకా 82 కిలోమీటర్లను తొలి దశగా తీసుకున్నారు. 1917 నాటి పాత చట్టం స్థానంలో 2021లో కొత్త ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం వచ్చింది. పడవల నమోదు, సర్వే, భద్రతల నియమాలు రాసుకునే చోట అల ఎత్తు కూడా ఒక గడిగా చేర్చడానికి ఇదే అదను. సరుకు ఇంకా పెద్దగా కదలడం లేదు, ఇప్పుడే తొందరేమిటని ఎవరైనా అనవచ్చు. కదలక ముందే తొందర. నూరు బార్జీలు తిరగడం మొదలయ్యాక, ఏ గట్టు ఎంత వాటంగా ఉండేదో చెప్పడానికి పాత కొలత ఉండదు. అప్పుడు పడవ సంస్థ వరదను చూపిస్తుంది, రైతు పడవను చూపిస్తాడు, ఇద్దరి మాటా తేలదు.

ఆ కొలతకు పెద్ద సరంజామా అక్కర్లేదు. గట్టు కోతను కొలిచేవాళ్లు వాడేది సన్నటి ఇనుప ఊచలు. గట్టులోకి అడ్డంగా దిగ్గొట్టి, ఏడాదికోసారి ఎంత బయటపడిందో చూస్తారు. డెల్టాలో మనకు ఇంకో వీలుంది. ఏటా వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు గట్టు కాలు దాకా ఆరి కనిపిస్తుంది, గూళ్లు ఎక్కడ పడ్డాయో కంటితో చూడవచ్చు. లాకుల దగ్గర, మలుపుల దగ్గర, పడవలు తిరిగే మేర ఒకటి, తిరగని మేర ఒకటి ఎంచుకుని ఊచలు పాతాలి. నీళ్లు వదిలాక ఒక గీతల కర్ర నిలబెట్టి, సరంగును వేర్వేరు వేగాల్లో లాంచీ నడపమని అల ఎత్తు రాసుకోవాలి. ఆ మట్టికి గడప 15 సెంటీమీటర్లా 30 సెంటీమీటర్లా అన్నది అలా తేలితే, ఏ మేర ఎంత వేగంలో పోవచ్చో సరంగు చేతికి ఒక కాగితం ఇవ్వవచ్చు. నీటిపారుదల శాఖ సెక్షన్ ఆఫీసు స్థాయిలో, ఈ వచ్చే కట్టివేతలోనే మొదలుపెట్టదగిన పని ఇది. దీనికి డ్రెడ్జర్లూ అక్కర్లేదు, విదేశీ అప్పూ అక్కర్లేదు.